ఎయిర్ ఇండియా అమ్మకం: 2018లో రాని బిడ్ 2021లో ఎందుకొచ్చింది?

2018 మే 31తో గడువు ముగిసేసరికి ఎయిర్ ఇండియాను కొంటామని ముందుకొచ్చినవాళ్లు ఒక్కరూ లేరు. 2021 సెప్టెంబర్ 15 నాటికి రెండు సీల్డ్ ఆర్థిక బిడ్లు చేరాయి. ఈ మూడేళ్లలో సంస్థ బాగుపడిందా అంటే అదీ లేదు. అప్పు పెరిగింది. మధ్యలో కోవిడ్ వచ్చి విమానాలను నేల మీద కూర్చోబెట్టింది. నష్టం రోజుకు సుమారు 20 కోట్ల రూపాయలకు చేరింది. మారినవి అమ్మకపు షరతులు మాత్రమే. ఏ షరతు ఎందుకు మారింది, దాంతో కొనేవాడి లెక్క ఎలా తిరగబడింది అన్నది వరసగా చూస్తే, ప్రభుత్వ రంగ సంస్థను అమ్మే పని ఎక్కడ తెగుతుందో, ఎక్కడ కుదురుతుందో అర్థమవుతుంది. విశాఖ ఉక్కు మీద, నిజాం షుగర్స్ మీద ఏళ్ల తరబడి వాదించుకుంటున్నాం కాబట్టి ఈ లెక్కలు తెలుగు పాఠకులకు తెలిసి ఉండటం అవసరం.

అమ్మకానికి పెట్టింది ఏమిటి

2007లో ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ విలీనమయ్యాయి. ఆ తర్వాత అమ్మకం దాకా నికర లాభం చూసిన ఏడాది ఒక్కటీ లేదు. 2009-10 నుంచి అమ్మే నాటికి కేంద్రం నగదుగా 54,584 కోట్లు, గ్యారంటీల రూపంలో 55,692 కోట్లు, మొత్తం 1,10,276 కోట్ల అండ ఇచ్చింది. అయినా 2021 ఆగస్టు 31 నాటికి అప్పు 61,562 కోట్లుగా నిలిచింది.

ఇంత నష్టాల సంస్థను ఎవరైనా ఎందుకు కొంటారు? దేశీయ విమానాశ్రయాల్లో 4,400 దేశీయ, 1,800 అంతర్జాతీయ ల్యాండింగ్, పార్కింగ్ స్లాట్లు (ఏ వేళకు విమానం దించొచ్చు, నిలపొచ్చు అన్న కేటాయింపులు), విదేశాల్లో మరో 900 స్లాట్లు దాని చేతిలో ఉన్నాయి కాబట్టి. లండన్ హీత్రూ లాంటి చోట కొత్తగా వచ్చిన సంస్థకు డబ్బు పెడతానన్నా స్లాట్ దొరకడం కష్టం. వీటికి తోడు ఎయిర్ ఇండియా, ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ కలిపి 141 విమానాలు, శిక్షణ పొందిన పైలట్లు, గ్రౌండ్ హ్యాండ్లింగ్ చేసే ఏఐశాట్స్‌లో సగం వాటా. అంటే వ్యాపారానికి విలువ ఉంది. ఆ విలువకు మించిన అప్పు దాని నెత్తిన ఉంది. 2018కీ 2021కీ ఉన్న తేడా అంతా ఈ రెండింటినీ విడదీయడంలోనే ఉంది.

2018: కాగితం మీదే ఓడిపోయిన టెండర్

2017 జూన్ 28న ఆర్థిక వ్యవహారాల కేబినెట్ కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకుంది. 2018 మార్చి 28న సమాచార పత్రం బయటికొచ్చింది. అందులో కొనేవాళ్లను ఆపిన షరతులు ఇవి.

మొదటిది, 76 శాతమే అమ్ముతామని, 24 శాతం ప్రభుత్వం దగ్గరే ఉంటుందని చెప్పడం. తర్వాత ధర పెరిగితే ఆ లాభం ఖజానాకు వస్తుందన్నది ప్రభుత్వం ఆలోచన. కొనేవాడికి కనిపించింది వేరు. పావు వంతు వాటాదారుగా ప్రభుత్వం ఉన్నంతకాలం ప్రతి పెద్ద నిర్ణయమూ పార్లమెంటులో ప్రశ్న అవుతుంది. కొత్త పెట్టుబడి పెట్టాల్సి వస్తే ప్రభుత్వం తన వాటా మేరకు డబ్బు తెస్తుందా, తేకపోతే దాని వాటా పలచబడటానికి ఒప్పుకుంటుందా అన్నది తెలియదు. ప్రభుత్వం వాటాదారుగా ఉన్నన్నాళ్లు కొనేవాడు తన ఇతర వ్యాపారాలతో దీన్ని కలపడానికీ వీల్లేదన్నారు. విమానయానంలో లాభం వచ్చేదే రూట్లు, విమానాలు, నిర్వహణ కలపడం వల్ల. ఆ దారి మూసేస్తే ఇప్పటికే విమానాలు నడుపుతున్న సంస్థ ఎయిర్ ఇండియాను కొనడంలో అర్థం ఉండదు.

రెండోది, అప్పు, ఇతర బకాయిలు కలిపి 33,392 కోట్లు కొనేవాడు మోయాలని ముందే అంకె నిర్ణయించడం.

మూడోది, అర్హత. 5,000 కోట్ల నికర విలువ (ఆస్తుల్లోంచి అప్పులు తీసేస్తే మిగిలేది) ఉండాలన్నారు. దేశంలో ఆ స్థాయి ఉన్న విమానయాన సంస్థలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. బయటి కంపెనీలకు విమానయానం కొత్త. వ్యక్తులు బిడ్ వేయడానికి వీల్లేదు.

ఆ ఏడాది ముడి చమురు ధర, రూపాయి మారకం కూడా ఎదురు తిరిగాయి. టెండర్ విఫలమయ్యాక ప్రభుత్వం చెప్పిన కారణాల జాబితాలో ఇవన్నీ ఉన్నాయి. కానీ చమురు ధర అమ్మేవాడి చేతిలో ఉండదు. 24 శాతం వాటా, స్థిరపరిచిన అప్పు రెండూ అమ్మేవాడి చేతిలోవే. వీటిని పట్టుకునే తర్వాతి ప్రయత్నం మొదలైంది.

అమ్మకానికి ముందు శుభ్రం చేసిన పని

ఎయిర్ ఇండియా అసెట్స్ హోల్డింగ్ లిమిటెడ్ అనే ప్రత్యేక సంస్థను 2018లోనే పెట్టారు. వార్తల్లో దీనికి పెద్దగా చోటు దొరకలేదు. అమ్మకం మొత్తం నిలబడింది మాత్రం దీని మీదే. కొనేవాడికి అక్కరలేనివన్నీ ఇందులోకి వెళ్లాయి: ప్రధాన వ్యాపారానికి అవసరం లేని భూములు, భవనాలు (వీటి విలువ 14,718 కోట్లు), ఇంజినీరింగ్ సేవల సంస్థ, గ్రౌండ్ సేవల సంస్థ, అలయన్స్ ఎయిర్, హోటల్ కార్పొరేషన్, చివరికి వ్యాపారం మోయలేని అప్పు.

ఆస్తుల్ని ముందే ఎందుకు వేరు చేయాలో చెప్పడానికి విదేశీ ఫోన్ సేవలు నడిపిన ప్రభుత్వ సంస్థ వీఎస్ఎన్ఎల్ ఒక్కటి చాలు. 2002లో దాని వ్యూహాత్మక వాటాను టాటాలకు అమ్మారు. మిగులు భూమి 773 ఎకరాల్ని తర్వాత వేరు చేద్దామని ఒప్పందంలో రాసుకున్నారు. ఆ విభజన పథకానికి ఆమోదం వచ్చేసరికి 2019 అయింది. యాజమాన్యం చేతులు మారాక భూమి విడదీయాలంటే స్టాంప్ డ్యూటీ ఎవరు కట్టాలి, పన్ను ఎవరిది, మిగతా వాటాదారులకు ఏం వస్తుంది అని ఒక్కో ప్రశ్నకూ ఏళ్లు పడతాయి. సంస్థ మొత్తం ప్రభుత్వం చేతిలో ఉండగా అదే పని తీర్మానాలతో, ప్రభుత్వ ఉత్తర్వులతో అయిపోతుంది. భూమిని విడదీయకుండా అమ్మితే ఇంకో ముప్పుంది. వ్యాపారం చేసేవాడి కంటే స్థలం కోసం వచ్చేవాడు ఎక్కువ ధర కోట్ చేస్తాడు.

అనుబంధ సంస్థల్ని విడదీసేటప్పుడు జాగ్రత్త పడాల్సిన చోటు ఒకటుంది. ఎయిర్ ఇండియా విమానాల మరమ్మతులు చేసేది ఇంజినీరింగ్ సంస్థ. దాన్ని ప్రభుత్వం దగ్గర ఉంచుకుని విమానాలు అమ్మితే, మర్నాటి ఉదయం హ్యాంగర్‌లోకి విమానం ఏ రేటుకు వెళ్లాలి? కాబట్టి సేవల ఒప్పందం అమ్మకానికి ముందే ఉండాలి. ఎన్నేళ్లు, ఏ ధర, పని ఆలస్యమైతే జరిమానా ఎంత, మధ్యలో ఎవరు తప్పుకోవచ్చు అన్నవి, సంస్థ పత్రాలన్నీ బిడ్డర్లకు చూపే డేటా రూమ్‌లో బిడ్డర్ కంటికి కనిపించాలి. అవి కనిపించకపోతే బిడ్డర్ తన భయానికి ఒక ధర కట్టి ఆ మేరకు బిడ్ తగ్గించుకుంటాడు.

అప్పు లెక్కే అసలు మలుపు

2020 జనవరి 27న రెండో సమాచార పత్రం వచ్చింది. ఈసారి 100 శాతం అమ్మకం. నికర విలువ షరతును 3,500 కోట్లకు తగ్గించారు. కొనేవాడు మోయాల్సిన అప్పును కూడా తగ్గించారు కానీ అంకె మాత్రం మళ్లీ ప్రభుత్వమే రాసింది: 23,286.5 కోట్లు.

ఇక్కడ ఆగి లెక్క వేద్దాం. చివరికి గెలిచిన బిడ్డర్ (టాటాలు) మొత్తం వ్యాపారానికి కట్టిన విలువ 18,000 కోట్లు. అదే బిడ్డర్ అదే అంచనాతో 2020 జనవరి షరతుల కింద కవరు వేయాల్సి వస్తే ఏం రాయాలి? 18,000 నుంచి 23,286 తీసేస్తే మైనస్ 5,286 కోట్లు. అంటే "నాకు ఎదురు 5,286 కోట్లు ఇస్తే తీసుకుంటాను" అని రాయాలి. టెండర్ ఫారంలో మైనస్ గడి ఉండదు. కాబట్టి బిడ్డర్ కవరే వేయడు. ప్రభుత్వం చూసేసరికి మార్కెట్‌లో ఆసక్తి లేనట్టు కనిపిస్తుంది. నిజానికి ఆసక్తి ఉంది. దాన్ని రాయడానికి ఫారంలో చోటు లేదు. 2018లో 33,392 కోట్ల అంకె దగ్గర జరిగింది కూడా ఇదే తీరులో అర్థం చేసుకోవచ్చు.

2020 అక్టోబర్ 29న ఆ గడిని మార్చారు. మోయాల్సిన అప్పును ప్రభుత్వం నిర్ణయించదు. అప్పు, ఈక్విటీ కలిపి మొత్తం వ్యాపారం విలువ ఎంతో బిడ్డరే ఒక్క అంకెలో చెప్పాలి. దీన్నే ఎంటర్‌ప్రైజ్ విలువ అంటారు. అందులో కనీసం 15 శాతం ప్రభుత్వానికి నగదుగా కట్టాలి. గరిష్ఠంగా 85 శాతం అప్పు రూపంలో తనతో తీసుకెళ్లవచ్చు. మిగిలిన అప్పంతా హోల్డింగ్ సంస్థకు పోతుంది. గెలిచిన బిడ్‌లో 15,300 కోట్లు అప్పు, 2,700 కోట్లు నగదు. సరిగ్గా 85, 15.

ఆ 15 శాతం గీత ఎందుకు అవసరం? నగదు షరతు లేకపోతే బిడ్డర్ మొత్తం విలువను అప్పు రూపంలోనే చూపి, పెద్ద అంకెతో గెలిచి, తర్వాత బ్యాంకులతో ఆ అప్పును సవరించమని బేరానికి కూర్చోవచ్చు. చేతి నుంచి 2,700 కోట్లు పెట్టినవాడు అంత తేలిగ్గా వదిలేసి వెళ్లడు. గీతను మరీ పైకి, 40 శాతం దాకా జరిపితే బిడ్డర్ల సంఖ్య పడిపోతుంది. ఎందుకంటే కొన్న రోజు నుంచే విమానాలు బాగుచేయడానికి, సీట్లు మార్చడానికి, జీతాలకు వాళ్లకు నగదు కావాలి.

ఒకే అంకె అడగడంలో ఇంకో సౌకర్యం, బిడ్లను పోల్చడం సులువు. ఒకరు ఎక్కువ అప్పు తక్కువ నగదు, ఇంకొకరు తక్కువ అప్పు ఎక్కువ నగదు చూపితే ఎవరిది పెద్దదో తేల్చడానికి కమిటీలు కూర్చోవాలి. ఆ తేల్చడమే రేపు విజిలెన్స్ ప్రశ్న అవుతుంది.

ఏడు దరఖాస్తులు, ఇద్దరు బిడ్డర్లు

కోవిడ్ వల్ల ఆసక్తి వ్యక్తీకరణ గడువును ఐదుసార్లు పొడిగించారు. 2020 డిసెంబర్ 14 నాటికి ఏడు దరఖాస్తులు వచ్చాయి. పరిశీలించాక ఐదుగురు అర్హత పొందలేదు. మిగిలిన ఇద్దరికి 2021 మార్చి 30న ప్రతిపాదనల పత్రం, షేర్ల కొనుగోలు ఒప్పందం ముసాయిదా ఇచ్చారు. అక్కడి నుంచి ఐదున్నర నెలలు డేటా రూమ్, డ్యూ డిలిజెన్స్ (కొనేవాడు సంస్థ లెక్కలు, పత్రాలు తనిఖీ చేసుకోవడం), ఒప్పందం మీద ప్రశ్నలు, జవాబులు.

ఒప్పందం ముసాయిదాను బిడ్లకు ముందే ఇవ్వడం చాలా కీలకం. బిడ్ గెలిచాక షరతులు మాట్లాడుకుందాం అనుకుంటే గెలిచినవాడు ప్రతి క్లాజుకూ ధర తగ్గించమంటాడు, ఓడినవాడు ఆ క్లాజు తనకు ముందే చెప్పి ఉంటే ఎక్కువ రాసేవాడినని కోర్టుకు వెళ్తాడు. ముసాయిదా మీద వచ్చిన ప్రశ్నలన్నిటికీ జవాబులు ఇద్దరికీ ఒకేసారి, ఒకే మాటలో వెళ్లాలి. ఆర్థిక బిడ్ అంటే ఆ తుది ముసాయిదాకు కట్టుబడిన ధర. తర్వాత మార్పులు ఉండవు.

రిజర్వ్ ధర (ఇంతకు తక్కువైతే అమ్మబోమనే కనీస ధర) విషయంలో పాటించిన వరస గమనించాలి. సీల్డ్ ఆర్థిక బిడ్లు చేరాక, అవి తెరవకముందు, ట్రాన్సాక్షన్ సలహాదారు, ఆస్తుల వాల్యూయర్ ఇచ్చిన లెక్కల ఆధారంగా రిజర్వ్ ధరను 12,906 కోట్లుగా ఖరారు చేశారు. ఆ తర్వాతే బిడ్డర్ల ఎదుట కవర్లు తెరిచారు. టాటా సన్స్ అనుబంధ సంస్థ టాలేస్ 18,000 కోట్లు, స్పైస్‌జెట్ ప్రమోటర్ అజయ్ సింగ్ నేతృత్వంలోని బృందం 15,100 కోట్లు. రెండూ రిజర్వ్ ధరకు పైనే. ఈ వరస తప్పితే రెండు రకాల ఇబ్బంది. రిజర్వ్ ధర ముందే ఖరారైతే అది బయటికి పొక్కే ప్రమాదం ఉంటుంది, బిడ్లన్నీ ఆ అంకె చుట్టూనే తిరుగుతాయి. బిడ్లు తెరిచాక ఖరారు చేస్తే, గెలిచినవాడి ధరకు తగ్గట్టు అంకె రాశారన్న ఆరోపణకు జవాబుండదు.

నిర్ణయం కింది నుంచి పైకి అంచెలంచెలుగా వెళ్లింది: మంత్రిత్వ శాఖల మధ్య బృందం, కేబినెట్ కార్యదర్శి నేతృత్వంలోని కార్యదర్శుల బృందం, ఆపైన హోం, ఆర్థిక, వాణిజ్య, పౌర విమానయాన మంత్రులతో ఎయిర్ ఇండియా కోసమే ఏర్పాటైన యంత్రాంగం. 2021 అక్టోబర్ 8న ఫలితం ప్రకటించారు. ఫైలు ఆలస్యమైనట్టు పైకి కనిపిస్తుంది. కానీ ఇలాంటి అమ్మకంలో ఒక్క అధికారి సంతకం మీద నిలబడ్డ నిర్ణయం ఎప్పటికీ నిలవదు. సంతకం పెట్టినవాళ్లు రిటైరయ్యాక కూడా ప్రశ్నలు వస్తాయి. ప్రతి అంచెలోనూ కారణాలు రాతపూర్వకంగా ఉన్నప్పుడే అధికారులు ధైర్యంగా సంతకం పెడతారు.

ఉద్యోగులు

అమ్మే నాటికి ఎయిర్ ఇండియాలో 12,085 మంది ఉన్నారు. అందులో 8,084 మంది శాశ్వత ఉద్యోగులు, 4,001 మంది కాంట్రాక్టు. ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్‌లో మరో 1,434 మంది. శాశ్వత ఉద్యోగుల్లో దాదాపు 5,000 మంది రాబోయే ఐదేళ్లలో రిటైర్ కావాల్సినవాళ్లు. ఈ చివరి అంకె అమ్మేవాడికి చాలా ఉపయోగపడింది. ఎవరినీ తీసేయకుండానే సిబ్బంది తగ్గుతారని కొనేవాడికి ముందే తెలుస్తుంది. అందువల్ల మొదటి ఏడాది ఎవరినీ తొలగించకూడదు, రెండో ఏడాది తగ్గించాలంటే స్వచ్ఛంద పదవీ విరమణ పథకం ద్వారానే అన్న షరతు బిడ్ ధరను పెద్దగా కిందికి లాగలేదు. ఏ సంస్థలోనైనా ఇలాంటి షరతు రాసే ముందు వయసుల పట్టిక తీసి చూడాలి. సగటు వయసు 35 ఉన్న సంస్థలో ఇదే షరతుకు ఖరీదు చాలా ఎక్కువ.

నిజమైన ఆందోళన మూడు చోట్ల వచ్చింది. ఒకటి, రిటైరైనవాళ్ల వైద్యం. దాన్ని కొనేవాడి నెత్తిన పెట్టకుండా కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం కిందికి తెచ్చారు. రెండు, ప్రావిడెంట్ ఫండ్. సంస్థ సొంత ట్రస్టుల నుంచి 2021 డిసెంబర్ 1 నుంచి ఈపీఎఫ్ఓ కిందికి మార్చారు. మూడు, ఢిల్లీ వసంత్ విహార్, ముంబై కాలీనా కాలనీల క్వార్టర్లు. అమ్మకం పూర్తయ్యాక ఆరు నెలలు లేదా ఆ ఆస్తి అమ్ముడయ్యేదాకా, ఏది ముందైతే అప్పటిదాకా ఉండొచ్చన్నారు. క్వార్టర్ల మీదే గొడవ ఎక్కువ నడిచింది. ఎందుకంటే జీతం, పింఛను భవిష్యత్తు మాట. ఇల్లు ఖాళీ చేయడం పిల్లల బడితో, ఇంట్లో పెద్దవాళ్ల ఆసుపత్రితో ముడిపడ్డ ఇవాళ్టి మాట. ఆరు నెలల గడువును విద్యా సంవత్సరంతో కలిపి లెక్కించి, ఆస్తులు హోల్డింగ్ సంస్థకు మారేటప్పుడే కుటుంబాలకు తెలియజేసి ఉంటే ఆ గొడవలో చాలా భాగం తప్పేదని నా అభిప్రాయం.

సూత్రం ఒక్కటే: అమ్మకం తేదీ దాకా పుట్టిన బాధ్యతలు ప్రభుత్వానివి, తర్వాతవి కొనేవాడివి. దాన్ని ఒక్కో ఖాతాకీ విడివిడిగా రాయకపోతే గ్రాట్యుటీ దగ్గరో, సెలవు డబ్బుల దగ్గరో ఎవరికి వారు ఎదుటివాళ్లను చూపిస్తారు.

కోర్టులు, పన్నులు

2021 మేలో బ్రిటన్ చమురు సంస్థ కెయిర్న్ ఎనర్జీ న్యూయార్క్ కోర్టుకెళ్లింది. పన్ను వివాదంలో భారత ప్రభుత్వం నుంచి తనకు రావాల్సిన మధ్యవర్తిత్వ తీర్పు సొమ్ము 1.2 బిలియన్ డాలర్లకు పైగా ఉందని, ఎయిర్ ఇండియా వేరు, ప్రభుత్వం వేరు కాదు కాబట్టి దాని ఆస్తుల నుంచి వసూలు చేసుకోనివ్వాలని వాదన. విదేశాల్లో విమానాలు దిగే ఏ జాతీయ సంస్థకైనా ఉండే ముప్పు ఇది. ఇస్రో వాణిజ్య విభాగంతో ఉపగ్రహ ఒప్పందం రద్దయిన దేవాస్ కంపెనీ వాటాదారులు కెనడాలోని క్యూబెక్‌లో ఇలాగే ఎయిర్ ఇండియాకు రావాల్సిన సొమ్మును పట్టుకునే ఉత్తర్వులు తెచ్చుకున్నారు. బిడ్డర్ ఇలాంటి వాటికి ధర కట్టలేడు. ఎంతవుతుందో ఎవరికీ తెలియని భారాన్ని ప్రభుత్వమే ఇండెమ్నిటీ (ఆ నష్టం తనే భరిస్తానన్న రాతపూర్వక హామీ) ద్వారా మోయాలి. కెయిర్న్ విషయంలో 2021 ఆగస్టులో వెనకటి తేదీ పన్ను చట్టాన్నే ప్రభుత్వం వెనక్కి తీసుకోవడంతో చిక్కు వీడింది.

పన్నుల్లో ఎక్కువమంది గమనించని అంశం పాత నష్టాలు. 1961 నాటి ఆదాయ పన్ను చట్టం 79వ సెక్షన్ ప్రకారం ఇలాంటి కంపెనీలో 49 శాతానికి మించి వాటా చేతులు మారితే పాత నష్టాలను తర్వాతి లాభాల్లో మినహాయించుకోవడం కుదిరేది కాదు. వేల కోట్ల నష్టాలున్న సంస్థకు ఆ మినహాయింపే ఒక ఆస్తి. 2021 సెప్టెంబర్ 10న ప్రత్యక్ష పన్నుల బోర్డు, అమ్ముడైన ప్రభుత్వ రంగ సంస్థలకు ఈ సెక్షన్ వర్తించదని ప్రకటించింది. హోల్డింగ్ సంస్థకు ఆస్తుల బదిలీ మీద టీడీఎస్ మినహాయింపులూ అప్పుడే వచ్చాయి. అంటే ఆర్థిక బిడ్ల గడువుకు ఐదు రోజుల ముందు. ఈ ప్రకటన మార్చిలో ప్రతిపాదనల పత్రంతో పాటే వచ్చి ఉండాల్సింది. బిడ్డర్లకు తమ బోర్డుల్లో అంకె మార్చుకోవడానికి ఐదు రోజులు చాలవు.

సంతకం నుంచి తాళం చెవి దాకా

అక్టోబర్ 11న ఆమోద పత్రం, 25న షేర్ల కొనుగోలు ఒప్పందం. డిసెంబర్ కల్లా పూర్తవుతుందనుకున్నది 2022 జనవరి 27కి పూర్తయింది. ఈ మూడు నెలల్లో చేసిన పని ముందస్తు షరతుల్ని ఒక్కొక్కటిగా తీర్చడం: కాంపిటీషన్ కమిషన్ ఆమోదం (డిసెంబర్ 20), అప్పులిచ్చిన బ్యాంకుల అంగీకారం, విమానాలు లీజుకిచ్చిన కంపెనీల అంగీకారం, నియంత్రణ సంస్థల అనుమతులు. లీజు ఒప్పందాల్లో యాజమాన్యం మారితే విమానం వెనక్కి తీసుకోవచ్చన్న క్లాజులు ఉంటాయి. పాత ప్రభుత్వ గ్యారంటీ పోయి కొత్త యజమాని హామీ వచ్చేదాకా లీజుకిచ్చిన కంపెనీ సంతకం పెట్టదు. ఒక్కో విమానానికీ ఒక్కో ఫైలు. దీన్ని ఒప్పందం కుదిరాక మొదలుపెడితే ఆరు నెలలైనా తెమలదు.

వర్కింగ్ క్యాపిటల్ (సంస్థను రోజువారీ నడపడానికి కావాల్సిన డబ్బు) దగ్గరే అసలు తగువు వస్తుంది. బిడ్ వేసిన రోజుకీ అప్పగించిన రోజుకీ మధ్య సంస్థ నష్టాల్లో నడుస్తూనే ఉంటుంది, ఇంధనం బకాయిలు పెరుగుతూనే ఉంటాయి. ఇక్కడ పాటించిన నియమం, ప్రస్తుత ఆస్తులకు మించి ఉన్న ప్రస్తుత బకాయిలన్నీ హోల్డింగ్ సంస్థకు వెళ్లడం. ఆగస్టు 31 నాటికి అవి 15,834 కోట్లు. దాంతో అప్పగింత ఎంత ఆలస్యమైతే ఆ నష్టం అంత అమ్మేవాడిదే. ఆలస్యం చేయకూడదన్న ఒత్తిడి ప్రభుత్వ శాఖల మీదే పడింది. అప్పగింతకు వారం ముందు, జనవరి 20 నాటి ఆస్తి అప్పుల పట్టీ తీసి కొనేవాడి పరిశీలనకు ఇచ్చారు. నెలాఖరు దాకా ఆగకుండా నెల మధ్యలో పుస్తకాలు మూయడం అకౌంట్స్ విభాగానికి నరకం. ముందుగా ఒకటి రెండుసార్లు ఉత్తుత్తి మూసివేత చేసి చూసుకుంటేనే ఆ రోజు అంకెలు కుదురుతాయి.

అప్పగింత తర్వాతి షరతులూ రాసుకున్నారు. ఏడాది పాటు 51 శాతం వాటా ఉంచుకోవాలి, మూడేళ్లు వ్యాపారం కొనసాగించాలి. ఎనిమిది లోగోలను ఐదేళ్లు ఎవరికీ బదిలీ చేయకూడదు, ఆ తర్వాత కూడా భారతీయులకే ఇవ్వాలి.

ఖజానాకు నిజంగా వచ్చిందెంత

"18,000 కోట్లకు అమ్మారు" అన్న శీర్షిక చాలామందిని తప్పుదారి పట్టించింది. ఖజానాకు వచ్చిన నగదు 2,700 కోట్లు. హోల్డింగ్ సంస్థకు చేరిన అప్పు 46,262 కోట్లు. ఆస్తుల విలువ 14,718 కోట్లు, నగదు 2,700 కోట్లు తీసేస్తే 28,844 కోట్లు మిగులుతుంది. దానికి బకాయిలు 15,834 కోట్లు కలిపితే దాదాపు 44,678 కోట్లు. ఇది జనం మీద పడ్డ భారం. ఆస్తులు అమ్ముడయ్యేదాకా ఆగే వీలు లేదు కాబట్టి 2021 డిసెంబర్‌లో అనుబంధ పద్దుల్లో హోల్డింగ్ సంస్థకు 62,057 కోట్లు అడిగారు.

మరి లాభమేంటి? ఆ అప్పు అమ్మినా అమ్మకపోయినా ప్రభుత్వానిదే, ఎందుకంటే గ్యారంటీ ప్రభుత్వానిది. అమ్మకం వల్ల ఆగింది రోజుకు 20 కోట్ల కొత్త నష్టం. దానికి తోడు 15,300 కోట్ల అప్పు పక్కకు జరిగింది. ఈ మాట మొదటి రోజే ఇంత సూటిగా చెప్పడం మంచిది. అమ్మకం అంటే జనానికి ఆదాయం గుర్తొస్తుంది. ఇది ఆదాయం కోసం చేసిన అమ్మకం కాదు, కారుతున్న నష్టాన్ని ఆపడానికి చేసింది.

ఈ పద్ధతి ఎక్కడ పనికిరాదు

2021 జనవరి 27న విశాఖ స్టీల్ ప్లాంటును నూరు శాతం అమ్మాలని కేంద్రం నిర్ణయించింది. ఎంటర్‌ప్రైజ్ విలువ పద్ధతి అక్కడి అప్పు చిక్కు విప్పగలదు. కానీ అక్కడి మూల సమస్య వేరు. ఆ ప్లాంటుకు సొంత ఇనుప ఖనిజ గని లేదు. గని ఉంటుందా, ఎప్పుడు, ఏ ధరకు అన్నది తెలియకుండా బిడ్డర్ కట్టే విలువ ఊహే అవుతుంది. గనుల కేటాయింపు అమ్మే శాఖ చేతిలో లేదు. ఇక భూమి. అంత భూమిని ప్లాంటుతో కలిపి ఇస్తే జనం దాన్ని భూమి అమ్మకంగానే చూస్తారు. విడదీయాలంటే ఏది ప్లాంటు విస్తరణకు, ఏది మిగులు అన్నది నిర్వాసితుల హక్కులతో సహా ముందు తేలాలి. 32 మంది ప్రాణాలిచ్చి తెచ్చుకున్న ప్లాంటు అన్న భావన ఉన్నచోట ఈ ప్రశ్నలకు జవాబు లేకుండా టెండర్ పిలవడం కుదరదు. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల పునరుద్ధరణ ప్యాకేజీ ప్రకటించింది.

నిజాం షుగర్స్‌లో 2002లో 51 శాతం ప్రైవేటుకు ఇచ్చి 49 శాతం ప్రభుత్వం ఉంచుకుంది. 2015 డిసెంబర్‌లో బోధన్, ముత్యంపేట, మెదక్ ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. దాదాపు సగం వాటా చేతిలో ఉన్నా గానుగ ఆగకుండా చూడలేకపోయింది. ప్రభుత్వం వాటా ఉంచుకోవాలనుకుంటే ఆ వాటాతో ఏం చేయగలదో రాసుకోవాలి: ఏటా కనీస క్రషింగ్ ఎంత, రైతుకు బకాయి ఎన్ని రోజులు దాటితే ఏం జరుగుతుంది, ఫ్యాక్టరీ ఆగితే షేర్లు వెనక్కి తీసుకునే హక్కు ఏ ధరకు, భూమిని తాకట్టు పెట్టాలంటే ఎవరి సమ్మతి కావాలి. ఇవేవీ లేని వాటా కొనేవాడిని భయపెడుతుంది తప్ప రైతును కాపాడదు. 2018లో ఎయిర్ ఇండియా 24 శాతం విషయంలో జరిగింది ఇందులో మొదటి సగం.

బిడ్డర్ నేపథ్యం తనిఖీ ఇంకో బలహీనమైన చోటు. ప్రభుత్వ హెలికాప్టర్ల సంస్థ పవన్ హంస్‌లో 51 శాతానికి 211.14 కోట్ల బిడ్ గెలిచిందని 2022 ఏప్రిల్‌లో ప్రకటించాక, కన్సార్షియం (కలిసి బిడ్ వేసిన బృందం)లోని ఒక సభ్యుడి మీద కంపెనీ లా ట్రైబ్యునల్ ఉత్తర్వు ఉందని బయటపడి అమ్మకం ఆగిపోయింది, చివరికి రద్దయింది. మరో ప్రభుత్వ సంస్థ సెంట్రల్ ఎలక్ట్రానిక్స్‌లో 210 కోట్ల బిడ్డర్ పెండింగ్ కేసు చెప్పలేదని తేలి అదీ రద్దయింది. గెలిచినవాడిని ఒక్కడినే తనిఖీ చేస్తే సరిపోదు. ఆసక్తి వ్యక్తీకరణ దశలోనే కన్సార్షియంలోని ప్రతి సభ్యుడూ, వాళ్ల గ్రూపు కంపెనీలన్నీ, నడుస్తున్న కేసుల జాబితా ప్రమాణపత్రంతో ఇవ్వాలి. అమ్మేవాడు ట్రైబ్యునళ్ల రికార్డులు తనే వెతికించి దానితో సరిచూసుకోవాలి. ఆర్థిక కవరు తెరవడానికి ముందు రోజు ఒకసారి, ఆమోద పత్రం ఇచ్చే ముందు మరోసారి అదే ప్రమాణం తీసుకోవాలి.

హోల్డింగ్ సంస్థకు మిగిలిన పని

ముంబై నారిమన్ పాయింట్‌లోని ఎయిర్ ఇండియా భవనాన్ని మహారాష్ట్ర ప్రభుత్వం 1,601 కోట్లకు తీసుకోవడానికి కేంద్రం 2024లో ఒప్పుకుంది. అమ్మకం పూర్తయిన రెండేళ్లకు. ఇంజినీరింగ్, గ్రౌండ్ సేవల సంస్థలు, అలయన్స్ ఎయిర్ ఎయిర్ ఇండియా చేతులు మారాక కూడా ప్రభుత్వం దగ్గరే మిగిలాయి. ఈ సంస్థల సిబ్బందికి ఒకే పెద్ద ఖాతాదారు ఎయిర్ ఇండియా. దాని సేవల ఒప్పందం గడువు దగ్గరపడే కొద్దీ వీటి విలువ తగ్గుతుంది, ఎందుకంటే కొత్త యజమాని మరమ్మతులకు సొంత ఏర్పాటు చేసుకోవడం మొదలుపెడతాడు. కాబట్టి వీటి అమ్మకపు క్యాలెండర్‌ను ప్రధాన సంస్థ ఒప్పందం సంతకం రోజే ఖరారు చేసి, సేవల ఒప్పందంలో కనీసం మూడేళ్లు మిగిలి ఉండగానే బిడ్లు పిలవాలి. ఆస్తులకూ అంతే. ఒక్కో భవనానికి హక్కు పత్రాలు, లీజు షరతులు, రాష్ట్ర ప్రభుత్వ బకాయిలు విడిగా ఫైలు కట్టి, ఏ త్రైమాసికంలో ఏది వేలానికి వెళ్తుందో పార్లమెంటు ముందు పెట్టాలి. అలా చేయకపోతే హోల్డింగ్ సంస్థ ఏటా బడ్జెట్ నుంచి వడ్డీ కడుతూ ఇంకో ప్రభుత్వ రంగ సంస్థగా మిగిలిపోతుంది.